కావలివాడి మనస్సాక్షి

దావీదు మహారాజు రెండు గుమ్మాల నడుమ కూర్చుని యుద్ధభూమి నుంచి వచ్చే కబురు కోసం ఎదురుచూస్తున్నాడు. తిరుగుబాటు చేసిన కన్నకొడుకు అబ్షాలోము మీదికి తన సైన్యమే వెళ్లింది. యుద్ధం గెలవాలి, కానీ కొడుకు బతకాలి. అదీ ఆ తండ్రి గుండెకోత! ఇంతలో ప్రాకారం మీది కావలివాడు, దూరాన ఎవరో ఒంటరిగా పరుగెత్తి వస్తున్నారని కేక వేశాడు. కాసేపటికి రెండోవాడు కనిపించాడు. ముందు వస్తున్నవాడి పరుగు చూస్తే సాదోకు కుమారుడైన అహిమయస్సు పరుగులా తోస్తోందని చెప్పాడు. అహిమయస్సు మంచివాడు, కాబట్టి మంచి కబురే తెస్తాడని రాజు ఊరట చెందాడు (2 సమూయేలు 18:24-27).

కావలివాడు పొరబడలేదు. వచ్చింది అహిమయస్సే! పొరబడింది రాజు. మనిషి ఎవరో తెలిసింది కాబట్టి కబురేమిటో కూడా తెలిసిపోయిందనుకున్నాడు. విజయవార్త వెనకే కొడుకు మరణవార్త వచ్చి ఆ తండ్రిని కూల్చేసింది. కావలివాడు మాత్రం తన హద్దులో తానున్నాడు. కంటికి కనిపించింది చెప్పాడు, అది తన అంచనా మాత్రమేనని తెలిసేట్టు చెప్పాడు, అంతకుమించి ఒక్క మాట కలపలేదు. పరుగు తీరును బట్టి మనిషిని పోల్చడం, ఆ పోలిక ఎంత నమ్మదగినదో కూడా చెప్పడం. సరిగ్గా ఇదే పనిని ఈనాడు యంత్రాలకు నేర్పుతున్న ఇంజినీర్లు మన మధ్య ఉన్నారు. వారిలో కొందరు ఆదివారం మన పక్కనే కూర్చుని ఆరాధిస్తున్నారు కూడా!

ట్యాంకా, ట్రాక్టరా?

శ్రీనగర్ కాలనీ, ఎల్లారెడ్డిగూడ సందుల్లోని హాస్టళ్లు, అద్దె గదుల నిండా ఇలాంటి యువతీయువకులే. వారిలో చాలామంది చదువు ముగించి బ్యాగు భుజాన వేసుకుని ముందుగా దిగేది పక్కనే ఉన్న అమీర్‌పేట మైత్రీవనం దగ్గర. ఒకప్పుడు అక్కడి బోర్డుల మీద జావా, ఒరాకిల్ పేర్లుండేవి. ఇప్పుడు డేటా సైన్స్, మెషీన్ లెర్నింగ్ పేర్లు వచ్చాయి. నేర్చుకున్నవారిలో ఎక్కువమంది బ్యాంకులకో, ఆన్‌లైన్ దుకాణాలకో పనిచేస్తారు. కొందరు మాత్రం రక్షణరంగంలో అడుగుపెడతారు.

అందులో ఆశ్చర్యమేమీ లేదు. హైదరాబాద్ క్షిపణుల నగరం. 1960ల నుంచి ఇక్కడ వేళ్లూనుకున్న డీఆర్‌డీఎల్, 1970లో ఏర్పడిన భారత్ డైనమిక్స్, 1980ల చివర్లో మొదలైన రీసెర్చ్ సెంటర్ ఇమారత్ ఈ నగరానివే. అమీర్‌పేటకు కూతవేటు దూరంలోని సనత్‌నగర్ పారిశ్రామికవాడ చిరునామాగా ఉన్న జెన్ టెక్నాలజీస్ 1993లో పుట్టి, సైనిక శిక్షణకు సిమ్యులేటర్లు, డ్రోన్లను అడ్డుకునే వ్యవస్థలు తయారుచేస్తోంది. 2018లో కేంద్ర ప్రభుత్వం ఐడెక్స్ పథకం తెచ్చాక చిన్న స్టార్టప్‌లకు కూడా సైన్యం తలుపులు తెరుచుకున్నాయి.

ఇంతకీ వారు చేసే పని ఏమిటి? డ్రోన్ తీసిన వీడియో, ఉపగ్రహం పంపిన ఫొటో, రాడార్ పట్టిన సంకేతం, సముద్రగర్భంలో వినిపించిన శబ్దం, వీటిలో ఏది ఏమిటో యంత్రం చేత గుర్తుపట్టించడం. వేలాది ఫొటోలు ముందేసుకుని ఇది ట్యాంకు, ఇది ట్రాక్టర్, ఇది బడి బస్సు అని ఒక్కొక్కదానికీ పేరు తగిలిస్తారు. దాన్ని లేబులింగ్ అంటారు. ఆ గుర్తులను బట్టి యంత్రం తనంతట తాను పోలికలు నేర్చుకుంటుంది. తర్వాత ఎన్నడూ చూడని ఫొటో చూపించినా ఇది ఇంత శాతం ట్యాంకు అనిపిస్తోందని అంకె చెబుతుంది. ఎంత శాతం దాటితే హెచ్చరిక మోగాలి అన్నది మాత్రం మనిషే నిర్ణయిస్తాడు. దాని పేరు థ్రెషోల్డ్. ఆ గీత కిందికి జరిపితే అమాయకుల మీద కూడా గంట మోగుతుంది. పైకి జరిపితే శత్రువు తప్పించుకుంటాడు. ఖడ్గాలు నాగటి నక్కులయ్యే రోజు గురించి యెషయా ప్రవక్త రాశాడు (యెషయా 2:4). ఆ రోజు వచ్చేదాకా, నాగలిని చూసి ఖడ్గమని యంత్రం పొరబడకుండా చూసే బరువు ఈ పిల్లల భుజాల మీద ఉంది.

నూటికి తొంభై తొమ్మిది!

యంత్రం నూటికి తొంభై తొమ్మిదిసార్లు సరిగ్గా చెబుతుందంటే మనం చప్పట్లు కొడతాం. ఊహకు ఒక లెక్క వేసి చూద్దాం. ఒక సరిహద్దు దారిలో 10,000 వాహనాలు వెళ్లాయనుకోండి. వాటిలో శత్రువువి పదే. యంత్రం ఆ పదింటినీ పట్టేసింది. మిగిలిన 9,990 వాహనాల్లో నూటికి ఒకటి చొప్పున పొరబడింది. అంటే దాదాపు 100 అమాయక వాహనాల మీద గంట మోగింది. మొత్తం 110 హెచ్చరికల్లో 100 తప్పు! అదే 99 శాతం యంత్రం. బ్యాంకులో ఇలా జరిగితే ఖాతాదారుడికి ఒక ఫోను వస్తుంది, విసుక్కుని పెట్టేస్తాడు. రక్షణరంగంలో ఆ నూరింటిలో ఒక పెళ్లి బృందం ఉండొచ్చు, ఒక అంబులెన్సు ఉండొచ్చు. ఈ లెక్క తెలిసిన ఇంజినీరు 99 శాతం అన్న మాటతో ఊరుకుంటే అది అబద్ధం కాకపోవచ్చు, పూర్తి సత్యం మాత్రం కాదు.

చరిత్రలో ఇలాంటి ఘడియలు నిజంగానే వచ్చాయి. 1983 సెప్టెంబర్ 26న అమెరికా నుంచి అయిదు క్షిపణులు వస్తున్నాయని సోవియట్ హెచ్చరిక వ్యవస్థ గంట మోగించింది. ఆ రాత్రి విధుల్లో ఉన్న స్తనిస్లావ్ పెత్రోవ్ అనే అధికారి తొందరపడలేదు. నిజంగా దాడి చేసేవాడు అయిదే క్షిపణులతో మొదలుపెడతాడా అని ఆలోచించి, ఇది తప్పుడు హెచ్చరిక అని పైవారికి చెప్పాడు. మేఘాల మీద సూర్యకాంతి మెరుపును ఉపగ్రహం క్షిపణులనుకుందని తర్వాత తేలింది. యంత్రం తప్పింది, మనిషి నిలబడ్డాడు!

1988 జూలై 3న దీనికి విరుద్ధంగా జరిగింది. పర్షియన్ సింధుశాఖలో విన్సెన్స్ అనే అమెరికా యుద్ధనౌక, ఇరాన్ ప్రయాణికుల విమానాన్ని యుద్ధవిమానమనుకుని కూల్చేసింది. 290 మంది మరణించారు. విమానం పైకి ఎగురుతోందని నౌకలోని వ్యవస్థ సరిగ్గానే నమోదు చేసింది. అది తమ మీదికి దిగి వస్తోందని సిబ్బంది నమ్మారు. భయంలో ఉన్నవారికి భయపడిందే కనిపించింది. ఆశలో ఉన్న దావీదుకు ఆశపడిందే వినిపించినట్టు!

మన దేశంలోనూ ఆ గాయం ఉంది. 2019 ఫిబ్రవరి 27న కశ్మీర్‌లోని బడ్గాం దగ్గర మన వైమానిక దళం హెలికాప్టర్‌ను మన క్షిపణే కూల్చింది. ఆరుగురు సిబ్బంది, నేల మీద ఒక పౌరుడు ప్రాణాలు కోల్పోయారు. అది పెద్ద తప్పిదమని ఆ ఏడాది అక్టోబరులో వైమానిక దళాధిపతి భదౌరియా బహిరంగంగా ఒప్పుకున్నారు. అక్కడ మెషీన్ లెర్నింగ్ వల్ల ఇది జరిగిందని మేము చెప్పడం లేదు. తనవాడెవరో, పరాయివాడెవరో క్షణాల్లో తేల్చడం ఎంత కష్టమో ఆ ఏడుగురి చితులు, సమాధులు చెబుతున్నాయి.

కమ్మరివాడు లేని దేశం

అయితే ఈ పనే పాపమా? విశ్వాసి ఇందులో ఉండకూడదా? ఈ ప్రశ్నకు సంఘంలో రెండు జవాబులున్నాయి, రెండింటినీ గౌరవించాలి. మన తెలుగునేల మీదే మహబూబ్‌నగర్, జడ్చర్ల, గద్వాల, వనపర్తి ప్రాంతాల్లో మెన్నొనైట్ బ్రదరెన్ సంఘాలున్నాయి. పదహారో శతాబ్దంలో ఐరోపాలో పుట్టిన ఆ సంప్రదాయం ఆయుధం పట్టడాన్నే నిరాకరించింది. అందుకు చెరసాలలు భరించింది, దేశాలు వదిలి వలస పోయింది. గెత్సేమనేలో కత్తి దూసిన శిష్యుణ్ణి ప్రభువు వారించిన సంగతి (మత్తయి 26:52) వారికి చాలు.

రెండో జవాబు కూడా గ్రంథంలోదే. సైనికులు తన దగ్గరకు వచ్చి మేమేం చేయాలని అడిగినప్పుడు బాప్తిస్మమిచ్చు యోహాను వారిని కొలువు మానేయమనలేదు. ఎవరినీ బెదిరించి దోచుకోవద్దన్నాడు, అబద్ధపు నేరం మోపవద్దన్నాడు, జీతంతో తృప్తిపడమన్నాడు (లూకా 3:14). కపెర్నహూము శతాధిపతి విశ్వాసాన్ని ప్రభువే మెచ్చుకున్నాడు. సౌలు కాలంలో ఇశ్రాయేలు దేశమంతటా ఒక్క కమ్మరివాడు లేడు. నాగటి నక్కు పదును పెట్టించుకోవాలన్నా ఫిలిష్తీయుల దగ్గరికే వెళ్లాల్సి వచ్చేది. యుద్ధంనాడు సౌలుకు, యోనాతానుకు తప్ప జనుల చేతిలో కత్తి గాని ఈటె గాని లేదు (1 సమూయేలు 13:19-22). పరాయివాడి కొలిమి మీద ఆధారపడ్డ జాతి దుస్థితి అది! 1987లో ఏడు సంపన్న దేశాలు క్షిపణి పరిజ్ఞానం బయటికి పోకుండా ఒప్పందం చేసుకున్నాక, 1998 పోఖ్రాన్ పరీక్షల తర్వాత ఆంక్షలు పెరిగాక మన శాస్త్రవేత్తలు ఆ దుస్థితిని స్వయంగా చవిచూశారు. సరిహద్దులోని సైనికుడు కంటిమీద కునుకు లేకుండా కాస్తేనే మనం ఇక్కడ నిద్రపోతున్నాం. అతని కంటికి తోడుగా మరో కన్ను ఇవ్వడం తప్పని ఎలా అంటాం?

కాబట్టి అందరికీ కలిపి ఒకే తీర్పు మేము రాయలేం. కానీ యోహాను సైనికులకు చెప్పిన ఒక మాట మెషీన్ లెర్నింగ్ ఇంజినీరుకు అక్షరాలా వర్తిస్తుంది. అదే, అబద్ధపు నేరం మోపవద్దని! ట్రాక్టర్ మీద ట్యాంకు అనే పేరు తగిలించడం అబద్ధపు నేరమే. తప్పని తెలిసిన అంకెకు సంతకం పెట్టడమూ అంతే.

కోడ్ మాత్రమే రాశాననగలమా?

దావీదు ఊరియాను చంపించదలచి ఉత్తరం రాసి, ఆ ఉత్తరాన్ని ఊరియా చేతికే ఇచ్చి పంపాడు (2 సమూయేలు 11:14-17). అందులో ఏముందో ఊరియాకు తెలియదు. చదివిన యోవాబుకు తెలుసు. ఆజ్ఞ రాజుది కదా అని అతడు పని ముగించాడు. తెలియక మోసినవాడిలో దోషం లేదు. తెలిసీ, ఆజ్ఞ చాటున దాక్కున్నవాడికి దోషం తప్పదు. తెలుసుకోగలిగి ఉండీ తెలుసుకోకుండా కళ్లు మూసుకున్నవాడి సంగతేమిటి? నేడు చాలామంది నిలబడ్డ చోటు అదే. ఒకరు డేటా సేకరిస్తారు, ఇంకొకరు లేబుల్ వేస్తారు, మరొకరు కోడ్ రాస్తారు, వేరొకరు బటన్ నొక్కుతారు. అందరి చేతులూ శుభ్రంగానే కనిపిస్తాయి!

2018లో గూగుల్ ఉద్యోగులు ఈ ప్రశ్నను బయటపెట్టారు. డ్రోన్ వీడియోలను విశ్లేషించే ప్రాజెక్ట్ మావెన్ అనే అమెరికా సైనిక కార్యక్రమానికి తమ పని వాడవద్దంటూ మూడు వేలమందికి పైగా సంతకాలు చేశారు. కొందరు ఉద్యోగాలే వదులుకున్నారు. కంపెనీ ఆ ఒప్పందాన్ని కొనసాగించకుండా, ఆయుధాలకు కృత్రిమ మేధ ఇవ్వబోమని మాట ఇచ్చింది. 2025 ఫిబ్రవరిలో ఆ మాటను తన నియమావళి నుంచి తీసేసింది. సంస్థలు రాసుకున్న నియమాలు సంస్థలే చెరిపేస్తాయి. మనస్సాక్షి మీద రాసినది మాత్రం మన దగ్గరే ఉంటుంది.

మన ప్రభుత్వమూ ఈ బాటలో వేగంగా నడుస్తోంది. 2018లో ఎన్. చంద్రశేఖరన్ నాయకత్వంలో ఒక కార్యదళం నివేదిక ఇచ్చింది. 2019లో రక్షణమంత్రి అధ్యక్షతన డిఫెన్స్ ఏఐ కౌన్సిల్ ఏర్పడింది. 2020 జనవరిలో జాతికి అంకితం చేసిన అయిదు డీఆర్‌డీఓ యువ శాస్త్రవేత్తల ప్రయోగశాలల్లో ఒకటి కృత్రిమ మేధ కోసమే. వాటిలో పనిచేసేవారంతా 35 ఏళ్ల లోపువారే ఉండాలని నియమం. 2022 జూలైలో ఒకే రోజు 75 ఏఐ ఉత్పత్తులను రక్షణశాఖ విడుదల చేసింది. 2024 అక్టోబరులో నమ్మదగిన ఏఐని పరీక్షించే ఒక మార్గదర్శక చట్రం కూడా వచ్చింది. విశ్వసనీయత, భద్రత, పారదర్శకత, నిష్పాక్షికత, గోప్యత అందులోని సూత్రాలు. స్వయంచాలక ఆయుధాలపై 2023 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సాధారణ సభలో వచ్చిన తీర్మానానికి మాత్రం భారత్ వ్యతిరేకంగా ఓటేసింది. ఆ చర్చకు జెనీవాలోని ఆయుధ ఒప్పంద వేదికే తగినదన్నది మన దేశం వాదన. అంటే నియమాలు ఇంకా పూర్తిగా రాయలేదు. రాసేలోపు వాటి బరువు మోసేది పాతికేళ్ల పిల్లలే!

మా ప్రార్థన కూటానికి వచ్చే ఒక యువతి ఇలాంటి పనే చేస్తోంది. ఏం చేస్తున్నావమ్మా అంటే కంప్యూటర్ పని అంటుంది. అధికార రహస్యాల చట్టం 1923 నాటిది, అది ఇప్పటికీ అమల్లో ఉంది. ఏం చేస్తున్నదీ కన్నతల్లికి కూడా చెప్పకూడదు. ఒకసారి మాత్రం, “అయ్యగారూ, రహస్యం చెప్పను గాని ఒక ప్రశ్న అడుగుతాను. పొగమంచులో, దుమ్ములో తీసిన ఫొటోలు పక్కన పెట్టి, ఎండ బాగా ఉన్న ఫొటోల మీదే పరీక్ష చేసి మార్కులు వేయమంటున్నారు. అబద్ధం చెప్పమనలేదు. చెప్పకుండా ఉండమన్నారు. ఇది తప్పంటారా?” అని అడిగింది. పొగమంచులో పహరా కాసే జవాను ఆ మార్కులు నమ్ముకునే కదమ్మా నిలబడతాడు అన్నాం. అంతే, మరేమీ అనలేదు. రెండు వారాలకు వచ్చి, “రిపోర్టులో రెండు అంకెలూ రాశానయ్యగారూ, ఎండది వేరు, మంచుది వేరు. మా సార్‌కు కోపం వచ్చింది” అంది. ఆ కోపం ఖరీదు ఆమె ఇంకా కడుతూనే ఉంది. ప్రమోషన్ జాబితాలో ఆమె పేరు రాలేదు. అయినా రాత్రిళ్లు నిద్రపడుతోందట!

కావలివాడి గురించి యెహెజ్కేలు ప్రవక్త కఠినమైన మాట రాశాడు. ఖడ్గం రావడం చూసి కూడా బాకా ఊదకపోతే, చచ్చినవారి రక్తానికి ఆ కావలివాడే లెక్క చెప్పాలి (యెహెజ్కేలు 33:6). ఖడ్గం రానప్పుడు ఊదినా జనం అల్లాడుతారు. ఈ రెంటి మధ్య నిజాయితీగా నిలబడడమే ఈ ఉద్యోగం. యంత్రం ఎక్కడ తప్పుతుందో ముందుగా కనిపెట్టి రాయండి. అభ్యంతరం ఉంటే నోటితో చెప్పి ఊరుకోక ఫైలులో నమోదు చేయండి. ప్రాణం తీసే తుది నిర్ణయం మనిషి చేతిలోంచి జారిపోయే చోట గట్టిగా ప్రశ్నించండి. ఆ గీత దాటమన్నప్పుడు దాటలేనని చెప్పే ధైర్యాన్ని ముందే కూడబెట్టుకోండి. ఆ రోజు వచ్చాక వెతుక్కుంటే అది దొరకదు.

మూడు కిలోలు, 300 గ్రాములు

ఈ కొలిమిలో కరుణకు కూడా చోటుందని మనకు చూపించినవారు అబ్దుల్ కలాం. అగ్ని క్షిపణి తొలి పరీక్ష 1989 మే 22న జరిగింది. దాని కోసం హైదరాబాద్ ప్రయోగశాలలో చాలా తేలికైన పదార్థం తయారైంది. పంజాగుట్టలోని నిమ్స్ ఆస్పత్రి నుంచి వచ్చిన ఒక ఎముకల వైద్యుడు దాన్ని చేత్తో ఎత్తి చూసి, కలాంను తన వార్డుకు తీసుకెళ్లారు. అక్కడ పసిపిల్లలు ఒక్కోటి మూడు కిలోల పైబడి బరువున్న ఇనుప కాలిపర్లు కాళ్లకు కట్టుకుని ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. మూడు వారాల్లో 300 గ్రాముల కాలిపర్లు తయారయ్యాయి. పిల్లలు నడిచారు, తల్లిదండ్రులు ఏడ్చారు. తన జీవితంలోని గొప్ప ఆనందాల్లో ఒకటిగా ఆయన దీన్ని ఎన్నో సభల్లో చెప్పుకున్నారు. శ్రీనగర్ కాలనీ నుంచి ఆ ఆస్పత్రికి నడిచి వెళ్లొచ్చు!

చూపు ఉన్నవాడే ఆ పిల్లల్ని చూడగలిగాడు. నేటి ఇంజినీరు నేర్పిన యంత్రదృష్టి కూడా అంతే. వరదలో ఇంటి కప్పు మీద చిక్కుకున్నవారిని డ్రోన్ ఫొటోలో వెతకగలదు, పాతిపెట్టిన మందుపాతరను పసిగట్టగలదు. అలాంటి పని కనిపిస్తే ముందుగా చేయి ఎత్తండి.

సిరియా రాజు ఎక్కడ మాటు వేసినా ఎలీషా ప్రవక్త ముందే ఇశ్రాయేలు రాజును హెచ్చరించేవాడు. ఆయన హెచ్చరికలు ఎందరి ప్రాణాలో కాపాడాయి. చివరికి ఆ శత్రుసైన్యమే షోమ్రోను నడిమధ్యన చిక్కింది. కొట్టమంటావా అని రాజు ఆత్రంగా అడిగాడు. వద్దు, భోజనం పెట్టి పంపమన్నాడు ప్రవక్త. గొప్ప విందు జరిగింది. ఆ దండులు మళ్లీ దేశంలోకి రాలేదు (2 రాజులు 6:8-23). శత్రువు జాడ కనిపెట్టిన నోటితోనే అతనికి అన్నం పెట్టమని చెప్పగలిగిన వ్యక్తి ఎలీషా. యంత్రం జాడ మాత్రమే కనిపెడుతుంది. రెండో మాట చెప్పాల్సింది మనిషి.

తల్లిదండ్రులకు ఒక మనవి. మీ బిడ్డ జీతమెంతో అడిగినట్టే, మనసు ఎలా ఉందో కూడా అడగండి. రహస్యాలు అడగొద్దు, నిద్రపడుతోందా అని అడగండి. సంఘాలు కూడా డాక్టర్ల కోసం, టీచర్ల కోసం ప్రార్థించినట్టే, పేరు చెప్పుకోలేని ఈ కావలివారి కోసం ప్రార్థించాలి. చూసింది చూసినట్టు చెప్పే ధైర్యాన్ని దేవుడు వారికి అనుగ్రహించును గాక!